రేడియంట్ హీటింగ్

గాలిని కాకుండా నేలను, సరుకును, మనుషులను నేరుగా వెచ్చబరిచే పద్ధతి రేడియంట్ హీటింగ్. చలి దేశాల్లో గోదాముల ఇంధన ఖర్చు చర్చకు వచ్చినప్పుడల్లా ఈ మాట వినిపిస్తుంది. పుష్యమాసపు పొద్దున గాలి చల్లగానే ఉన్నా ఎండలో నిలబడితే వీపు వెచ్చబడుతుంది; సూత్రం అదే. ఈ వేడిని మోసుకొచ్చేవి పరారుణ కిరణాలు. 1800లో ఇంగ్లండ్‌లో విలియం హెర్షెల్ వీటిని గుర్తించాడు.

పాత పద్ధతిలో బ్లోయర్లు వేడిగాలిని ఊదుతాయి. పది మీటర్ల ఎత్తున్న గోదాములో ఆ గాలి తేలికై పైకప్పు కిందికి చేరుతుంది. వెచ్చబడేది ఇనుప దూలాలే. కింద పెట్టెలు సర్దే కార్మికుడి వేళ్లు కొంకర్లు పోతూనే ఉంటాయి. లారీ కోసం షట్టర్ ఎత్తితే ఉన్న కాస్త వేడీ బయటికి పోతుంది.

రేడియంట్ హీటర్‌లో పైనుంచి వేలాడే నల్లటి ఉక్కు గొట్టం, దాని మీద బోర్లించిన తళతళలాడే రేకు ఉంటాయి. గొట్టం ఒక చివర బర్నర్ గ్యాసును మండిస్తుంది, రెండో చివర ఫ్యాను పొగను లాగేస్తుంది. కాగిన గొట్టం వెదజల్లే కిరణాలను రేకు కిందికి మళ్లిస్తుంది. షట్టర్ తెరిచినా నేల పట్టిన వేడి వెంటనే పోదు. మనుషులున్న చోటే వెలిగించుకోవచ్చు; అసలు పొదుపు అక్కడే.

అయితే ఎత్తైన ర్యాకుల వెనక్కి కిరణాలు అందవు. ర్యాకులు కిక్కిరిసిన గోదాముకు పైనున్న వేడిని కిందికి నెట్టే ఫ్యాన్లే మేలు. గ్యాసునే వదిలించుకోవాలంటే బయటి వేడిని కరెంటుతో లోపలికి లాగే హీట్ పంపు ఉంది: యూనిట్ కరెంటుకు సుమారు 3 యూనిట్ల వేడి. పద్ధతి ఏదైనా, బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం పనిచేసే చోట కనీసం 16 డిగ్రీలు, ఒళ్లు వంచి చేసే పనైతే 13 డిగ్రీల సెల్సియస్ ఉండాలి.