చేనుకాడి నీళ్లు ఎవరు పరీక్షిస్తారు?

ఫ్లోరైడ్ పరీక్షలో చూడాల్సింది రంగు వెలిసిపోవడం. 50 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని, జిర్కోనియం కలిసిన ఎర్ర ద్రావణం 10 మిల్లీలీటర్లు పోస్తాం. నీళ్లలో ఫ్లోరైడ్ లేకుంటే ఆ ఎరుపు అలాగే నిలుస్తుంది. ఉంటే మాత్రం జిర్కోనియాన్ని ఫ్లోరైడ్ లాగేసుకుంటుంది, రంగు పలచబడుతుంది. ఎంత పలచబడిందో యంత్రం కొలిచి చెబుతుంది. నల్లగొండ జిల్లాలో నీటి పరీక్షల ల్యాబ్‌లో చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. బల్ల మీద ఒక గొట్టంలో దానిమ్మ గింజల ఎరుపు, దాని పక్క గొట్టంలో వెలిసిపోయిన గులాబీ కనిపించినప్పుడు ఇప్పటికీ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ద్రావణం కలపకముందు ఆ రెండూ ఒకే రకం తేట నీళ్లు. ఫ్లోరైడ్‌కు రుచి లేదు, వాసన లేదు. నీళ్లు మరిగిస్తే పోదు సరికదా, ఆవిరైన నీటి మేరకు ఇంకా చిక్కబడుతుంది.

మా రిపోర్టులో చివరికి మిగిలేది ఒక అంకె. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచి నీళ్లు. వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు కూడా 1.5. సీసా మీద అంటించిన చీటీలో ఊరి పేరు, బోరు ఎక్కడుందో, నమూనా తీసిన తేదీ రాసి ఉంటాయి. ఆ నీళ్లు ఎవరు తాగుతున్నారు, రోజుకు ఎన్ని లీటర్లు తాగుతున్నారు అని రాసే గడి మాత్రం ఉండదు. ఆ గడి ఎందుకు కావాలో నాకు చేన్ల దగ్గరే అర్థమైంది.

ఒక మే నెలలో మర్రిగూడ వైపు నమూనాల కోసం వెళ్లాను. దారి పక్కన ఉపాధి హామీ పని నడుస్తోంది. మట్టి ఎత్తి పోస్తున్న ఆడవాళ్లలో ఒకామె గడ్డపారను చెట్టుకు ఆనించి, పక్క చేను బోరు దగ్గరికి వచ్చి దోసిట్లో నీళ్లు పట్టుకుని తాగింది. ఇంట్లో ఏ నీళ్లు తాగుతారని అడిగాను.

"ఇంటికాడ నల్లా నీళ్లే బిడ్డా. ఈడికి ఒక సీసా తెచ్చుకుంటం. పది గాకముందే ఒడుస్తది. అటెన్క గీ బోరే దిక్కు."

"రోజుకు ఎన్ని సీసాలు తాగుతవు అవ్వా?"

"ఎవరు లెక్కవెట్టిండ్రు? దూపైతే తాగుడే."

నా జాబితాలో ఉన్నది ఆ ఊరి ట్యాంకు. ఆ బోరు లేదు. అది తాగునీటి బోరు కాదు, పొలం బోరు. నేను విడిగా ఒక సీసా పట్టుకొచ్చి పరీక్షించాను. హద్దు దాటింది. ఊరి ట్యాంకు నీళ్లు బాగున్నాయి. ఊరి పేరు మీద వెళ్లిన రిపోర్టులో ఆ ట్యాంకు అంకె ఒక్కటే ఉంది.

ఇక్కడ చిన్న లెక్క చేసి చూడండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములున్న నీళ్లను నీడపట్టున కూర్చుని పనిచేసే మనిషి రోజుకు రెండు లీటర్లు తాగితే ఒంట్లోకి వెళ్లేది 3 మిల్లీగ్రాములు. అవే నీళ్లను ఎండలో మట్టి మోసే మనిషి ఐదు లీటర్లు తాగితే 7.5 మిల్లీగ్రాములు. బోరులో 1.5కు బదులు 3 ఉంటే ఆ లెక్క 15కు చేరుతుంది. అంకె ఒకటే అయినా ఒంటికి చేరే మోతాదు ఒకటి కాదు. ఇదేమీ కొత్త సంగతి కాదు. అమెరికాలో పళ్లు పుచ్చకుండా నీళ్లలో ఫ్లోరైడ్ కలిపేవారు దశాబ్దాల పాటు ఆ ఊరి ఎండను బట్టే మోతాదు నిర్ణయించారు. వేడి ప్రాంతంలో జనం ఎక్కువ నీళ్లు తాగుతారు కాబట్టి తక్కువ కలపాలన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తన 1.5 హద్దును గుడ్డిగా పాటించవద్దని, వాతావరణాన్నీ తాగే నీటి పరిమాణాన్నీ చూసుకుని ప్రతి దేశం తన హద్దు గీసుకోవాలని చెప్పింది. మే నెలలో మన చేన్లలో పనిచేసేవాళ్లను ఊహించుకునే ఆ మాట అన్నారా అనిపిస్తుంది.

ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే ఎముకల జబ్బు మీద మన దేశంలో పరిశోధన మొదలైంది తెలుగు నేల మీదే. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుము వంగక, మెడ తిరగక మంచాన పడ్డవాళ్లను పరీక్షించి ఎముకల ఫ్లోరోసిస్ గురించి రాశారు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలవి. 1970లో అవి ఒంగోలు జిల్లాలోకి వచ్చాయి, దానికే తర్వాత ప్రకాశం అని పేరు పెట్టారు. వాళ్లు వరసగా చెప్పిన క్రమం ఇప్పటికీ మా వైపు పల్లెల్లో కనబడుతుంది. చిన్నప్పుడు పళ్ల మీద గార, వయసులో కీళ్లు పట్టేయడం, ఆ తర్వాత వెన్ను కర్రలా బిగుసుకుపోవడం. 1940లో సి.జి. పండిట్ బృందం ఒక అడుగు ముందుకు వేసింది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చూసి ఊరుకోకుండా జనం ఏం తింటున్నారో కూడా చూశారు. తిండి సరిగా లేని ఇళ్లలో జబ్బు ముదురుతోందని తేల్చారు. పల్లెకు వెళ్లి, నీళ్లు పట్టి, కంచంలోకి కూడా తొంగిచూసిన ఆ పద్ధతి మీద నాకు ఎంతో గౌరవం. నల్లగొండ పేరు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లోకి ఎక్కింది. సిద్దీఖీ అనే వైద్యుడు ఇక్కడి రోగుల గురించి అందులో రాశారు.

1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి చూసినది ఇంకా బాధాకరమైనది. అప్పటిదాకా తెలిసిన ఫ్లోరోసిస్‌లో ఎముక గట్టిపడేది. వీళ్లకు కనిపించిన ఎదిగే పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, ఎముకలు గుల్లబారాయి. జొన్న తినే పేద ఇళ్లలో ఇది ఎక్కువగా కనిపించింది. జొన్న తిండి మీద ఉన్నప్పుడు ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలిచిపోతోందని, జొన్నలోని మాలిబ్డినం వల్ల ఒంట్లోని రాగి బయటికి పోతోందని అదే సంస్థ తర్వాతి ప్రయోగాల్లో చూసింది. నాగార్జునసాగర్ కట్టాక ఊటతో చుట్టుపక్కల భూగర్భజలం పైకి వచ్చి నీళ్ల, నేల గుణం మారడం కూడా దీనికి తోడైందని వాళ్లు వివరించారు. దీన్ని పట్టుకుని జొన్నను నిందించేవాళ్లు ఉన్నారు, నాకది నచ్చదు. తప్పు జొన్నది కాదు. కంచంలో జొన్నతో పాటు పాలు, ఆకుకూర లేకపోవడం, కుండలో ఆ నీళ్లుండటం అసలు సంగతి. ఎముకకు సున్నం చాలకపోతే ఫ్లోరైడ్‌కు దారి సులువవుతుంది.

అదే సంస్థ 2002లో చింతపండును కూడా పరీక్షించింది. మగపిల్లలకు రోజూ తిండిలో 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది. పులుసు మానొద్దని మా దగ్గరికి వచ్చేవాళ్లతో నేను సంతోషంగానే చెబుతాను. అయితే దాన్ని మందు అనుకోకూడదు. నీళ్లు మారకుండా చింతపండు ఒక్కటే కాపాడదు.

ఫ్లోరైడ్ ఎవరో వచ్చి కలిపింది కాదు, మన రాయిలోనే ఉంది. ఇక్కడి గ్రానైటు రాళ్లలోని కొన్ని ఖనిజాల నుంచి అది నీళ్లలోకి దిగుతుంది. నీళ్లలో సున్నం తక్కువగా, సోడా గుణం ఎక్కువగా ఉంటే ఇంకా బాగా కరుగుతుంది. బోరు లోతుకు పోయేకొద్దీ నీరు రాతిని ఒరుసుకుని ఎక్కువ కాలం ఉంటుంది. ఆ నీటిని బాగుచేయడానికి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970ల మధ్యలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఒక పద్ధతి కనిపెట్టింది. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ పద్ధతి అనే పిలుస్తుంది. బకెట్లో కూడా చేసుకోవచ్చు. కానీ రోజూ పాళ్లు చూసి కలిపి, తేరేదాకా ఆగి, అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. పొద్దున్నే కూలికి వెళ్లే ఇంట్లో అది ఎన్నాళ్లు సాగుతుంది? జనం కోరింది కృష్ణా నీళ్లు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ నియోజకవర్గంలో 480 మంది పోటీకి నిలబడితే బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయ్యింది. దేశమంతా ఇటు తిరిగి చూసింది. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. నది నీళ్లు ఇళ్లకు వచ్చాయి, వచ్చిన తేడా పెద్దది. ఇప్పుడు పుట్టే పిల్లల పళ్లు తెల్లగా వస్తుంటే చూసి మురిసిపోయేవాళ్లలో నేనూ ఉన్నాను.

కానీ నల్లా వచ్చింది కదా, ఇక ఈ కథ అయిపోయిందని అనుకోవడమే నా భయం. ఒంట్లోకి వెళ్లిన ఫ్లోరైడ్‌లో పెద్దవాళ్లలో సుమారు సగం మూత్రంలో పోతుంది, మిగిలింది ఎముకలో చేరుతుంది. పిల్లల్లో ఇంకా ఎక్కువ నిలుస్తుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లలోనూ అంతే. ఎముకలో చేరింది ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. ఇప్పటికే బిగుసుకున్న వెన్నును మళ్లీ వంచే మందు లేదు. అందుకే ఇంకా చేరకుండా చూడటం ఒక్కటే మన చేతిలో ఉన్న పని, అది చేను దగ్గర కూడా జరగాలి. ఉపాధి పని జరిగే చోట తాగునీళ్లు ఇవ్వడం చట్టం చెప్పిన సౌకర్యం. ఇటుక బట్టీలో, కోళ్ల ఫారంలో, రోడ్డు పనిలో కూలీలు ఏ నీళ్లు తాగుతున్నారని మన సర్వేలు అడగాలి. ఇల్లిల్లూ తిరిగి అడిగితే వచ్చే జవాబు ఒకటే, "నల్లా". కానీ కూలికి వెళ్లే మనిషి పగలంతా ఇంట్లో ఉండదు.

నడుము పట్టేసిందని ఎవరైనా అంటే ఇంట్లోనే మూడు పనులు చేయించి చూడొచ్చు. మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోమనాలి. గడ్డాన్ని ఛాతీకి ఆనించమనాలి. చేతులు చాచి, మడిచి, తల వెనక్కి తాకించమనాలి. ఇవి చేయలేకపోయినంత మాత్రాన ఫ్లోరోసిస్ అని తేలిపోదు, వేరే కారణాలూ ఉంటాయి. కానీ ఆస్పత్రికి వెళ్లడానికి, తాగే నీళ్ల గురించి అడగడానికి అది చాలు.

నీళ్లు పరీక్షించుకోవాలంటే జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు చిన్న కిట్లతో పరీక్ష నేర్పించాలన్న ఏర్పాటు ఉంది. మీ ఊళ్లో వాళ్లెవరో పంచాయతీలో కనుక్కోండి. కిట్‌లో తేడాగా కనిపిస్తే ల్యాబ్‌కు పంపండి. గాజు సీసా వద్దు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసుకోండి. మోటారు కాసేపు నడవనిచ్చి, అదే నీళ్లతో సీసాను రెండు మూడుసార్లు తొలిచి, నిండా పట్టండి. చీటీ మీద ఊరి పేరు, తేదీతో పాటు అది ఎవరి చేను బోరో, అక్కడ ఎంతమంది పనిచేస్తారో, వాళ్లు మధ్యాహ్నం దాకా ఎన్ని సీసాలు తాగుతారో కూడా రాయండి. మా ఫారంలో ఆ గడి లేకున్నా రాయండి. వానలు పడ్డాక ఒకసారి, ఎండాకాలం బోరు అడుగంటుతున్నప్పుడు ఇంకోసారి పంపితే మంచిది, ఆ రెండు కాలాల్లో అంకెలు ఒకేలా ఉండవు.