గర్భసంచి తీసేముందు ముక్క పరీక్ష

తెల్లబట్ట అనో, నడుము నొప్పి అనో ఆస్పత్రికి పోయిన ఆడమనిషి "గర్భసంచి తీయించుకోకపోతే క్యాన్సర్ అవుతుంది" అన్న భయంతో ఇంటికి రావడం మన రాష్ట్రంలో కొత్త కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల వాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. ఇంతమందిని వెంటాడిన ఆ భయంలో నిజమెంత?

గర్భసంచి లోపలి పొరను పెంచేది ఈస్ట్రోజన్. అండం విడుదలయ్యాక ఊరే ప్రొజెస్టిరాన్ ఆ పెరుగుదలను ఆపుతుంది. అది తగ్గగానే పొర రాలిపోయి ముట్టు వస్తుంది. అండం విడుదల కాని నెలల్లో ప్రొజెస్టిరాన్ ఉండదు. ఎరువు వేస్తూ పోయి కోత కోయని చేనులా పొర మందమవుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి అలా సాగితే కొందరిలో కణాలు దారి తప్పి క్యాన్సర్‌గా మారతాయి. ఒంట్లో కొవ్వు ఎక్కువైతే ముప్పు ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే కొవ్వు కణాలు కూడా ఈస్ట్రోజన్‌ను తయారు చేస్తాయి.

కాబట్టి ముగ్గురు పిల్లల్ని కని, నెలనెలా సరిగ్గా బయట ఉంటూ, పత్తిచేలో పని చేసుకునే సన్నపాటి ముప్పై ఏళ్ల మనిషికి ఈ క్యాన్సర్ వచ్చే అవకాశం చాలా తక్కువ. తెల్లబట్ట దీనికి కారణం కాదు. గమనించాల్సింది రెండు మూడు నెలలు ముట్టు రాక, వచ్చాక పదిహేను రోజులు ఆగని మనిషిని. పీసీఓడీ, ఊబకాయం, షుగర్, పిల్లలు కలగకపోవడం: ఇవి తోడైతే వయసు నలభై లోపే అయినా వదిలేయకూడదు. ఇలాంటివాళ్లే "ఒంటి వేడి" అని సరిపెట్టుకుని పరీక్షకు రాకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

వంశంలో వచ్చే ముప్పూ ఉంది. 1895లో అమెరికాలో ఒక కుట్టుపని చేసే ఆమె, తమ ఇంట్లో అందరూ పేగు క్యాన్సర్‌తోనో గర్భసంచి క్యాన్సర్‌తోనో పోతున్నారని, తనకూ అదే గతి పడుతుందని డాక్టర్ ఆల్డ్రెడ్ వార్థిన్‌తో చెప్పింది. చివరకు ఆమె గర్భసంచి క్యాన్సర్‌తోనే పోయింది. వంశంలో వచ్చే ఆ ముప్పును ఇప్పుడు లించ్ సిండ్రోమ్ అంటున్నాం. తల్లికో, అన్నదమ్ములకో చిన్న వయసులో పేగు క్యాన్సర్ వచ్చి ఉంటే డాక్టరుకు ఆ సంగతి తప్పక చెప్పాలి.

స్కాన్‌లో పొర మందంగా ఉందన్నంత మాత్రాన ఏదీ తేలదు. నాలుగు మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలన్న లెక్క ముట్టు ఆగిపోయినవాళ్లకే. ముట్టు వచ్చేవాళ్లలో ఆ మందం నెల పొడుగునా మారుతుంటుంది. తేల్చేది ముక్క పరీక్షే. సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని లోపలికి పంపి పొర నుంచి కాస్త లాగుతారు. కొన్ని నిమిషాల పని, ముట్టు నొప్పిలాంటి నొప్పి ఉంటుంది. చాలామందికి మత్తు కూడా అక్కర్లేదు. గర్భాశయ ముఖద్వారానికి చేసే పాప్ పరీక్ష దీనికి బదులు కాదు.

పొర మందమైంది కానీ కణాలు మారలేదని రిపోర్టు వస్తే, చాలామందికి ప్రొజెస్టిరాన్ మాత్రలతోనో, ఆ హార్మోన్ ఉన్న లూప్‌తోనో నయమవుతుంది, గర్భసంచి నిలుస్తుంది. ఆరు నెలలకు మళ్లీ ముక్క తీసి చూడాలి. దేవనకొండ, ఆదోని పల్లెల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోయేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పి, మాత్రలు సరిపడా తీసుకుని, తిరిగొచ్చే నెలకు తేదీ అడగాలి.