దినారము వెల యెంత?

“మాస్టారూ, రోమను దినారమనగా మన రూపాయలలో ఎంత?” అని అమలాపురపు తరగతిలో ఒక విద్యార్థి నన్నడిగెను. రూపాయి విలువయే ఏటేట మారుచుండగా, రెండువేల యేండ్లనాటి వెండిబిళ్ళను దానితో తూచుటెట్లు? వెయ్యి కొబ్బరికాయలు తాతలనాడు ఎంతకమ్మిరో విన్నంతమాత్రమున ప్రయోజనము లేదు. ఆనాటి దింపుకూలి యెంతో తెలిసిననే ఆ ధర మనకు బోధపడును. రోమును గూర్చియు అట్లే యడుగవలెను.

క్రీ. శ. 79లో వెసూవియసు అగ్నిపర్వతపు బూడిదక్రింద పూడిపోయిన పాంపేయి నగరమున ఎవరో గృహస్థు గోడమీద తన ఖర్చు గీసికొనెను. ఒకనాటి పద్దు: జున్ను 1, రొట్టె 8, నూనె 3, ద్రాక్షసారాయము 3. మరునాడు రొట్టె 8, నూనె 5, ఉల్లి 5, గిన్నె 1, ద్రాక్షసారాయము 2. ఆ వరుసలోనే, బానిసకు రొట్టె 2. ఈ అంకెలు ‘ఆసు’ అను చిల్లర నాణెములు. 16 ఆసులొక దినారము. 25 దినారములొక బంగారు నాణెము. నాటి సిపాయి జీతము ఏటికి 225 దినారములు, అనగా రోజుకు 10 ఆసులకు లోపు. మొదటినాటి పద్దు 15! కిరాణా చిట్టా చేతబట్టి నిట్టూర్చువారికి ఆ గృహస్థు పరాయివాడు కాడు. బానిస రొట్టెకు వేరుగా పద్దు వ్రాసిన ఆ చేయి మాత్రము నన్ను చాలకాలము వెన్నాడెను.

ఉపాధ్యాయ మిత్రులకు నడుమ నొకమాట. 301లో డయొక్లీషియను చక్రవర్తి ధరలకు పరిమితి విధించి, మీరినవారికి మరణదండన యనెను. ఆ పట్టికలో అక్షరములు నేర్పు పంతులునకు నెలకు పిల్లవానికి 50 దినారముల చొప్పున కలదు. పొలపుకూలికి భోజనముగాక రోజుకు 25! సరకు అంగళ్ళనుండి మాయమైనదని లాక్టాన్షియసు వ్రాసెను.

మరల మొదటి శతాబ్దికి వత్తము. నల్లమిరియములు పౌనుకు 4 దినారములని, పిప్పళ్ళు 15 అని ప్లినీ వ్రాసెను. పిడికెడు పిప్పళ్ళకై సిపాయి దినముల తరబడి కొలువు చేయవలసినదే. భారతదేశము ఏటేట 5 కోట్ల సెస్టర్సులను లాగుకొనుచున్నదని, అచ్చటి సరకు రోమున నూరురెట్ల వెలకు అమ్ముడగుచున్నదని ఆయన మొఱ. 4 సెస్టర్సులొక దినారము గావున అది 5 లక్షల బంగారు నాణెములు.

ఆ సరకులో మన తీరపు వస్త్రమొకటి. ఆ శతాబ్దిననే గ్రీకుభాషలో వెలసిన ‘పెరిప్లస్’ అను నావికాగ్రంథము మసాలియాలో సన్నని నూలుబట్టలు విశేషముగా నేయుదురని చెప్పుచున్నది. అది కృష్ణా గోదావరుల ముఖభూమియని చరిత్రకారుల నిర్ణయము. బండారులంకలో మగ్గపు చప్పుడు వినునపుడెల్ల నాకొక ప్రశ్న తోచును: ఆ నూరురెట్లలో సాలెవాని వంతెంత? పెరిప్లస్ బట్టను మెచ్చెను గాని దాని వెల చెప్పలేదు. పాంపేయిలో ఉల్లిపాయల ఖర్చు సైతము నిలిచెను. మన నేతగాని కూలి నిలువలేదు.

బంగారము మాత్రము వచ్చెను. 1786 ప్రాంతమున నెల్లూరు చెంత దున్నుచున్న ఒక రైతు నాగలికి ఇటుకకట్టడము తగిలెను. త్రవ్వగా చిన్న దేవాలయపు శిథిలము, దాని క్రింద కుండలో ట్రేజను, హాడ్రియను చక్రవర్తులవి, ఫౌస్టీనా రాణివి బంగారు నాణెములు! ట్రేజను నాటికి సిపాయి జీతము 300 దినారములు గావున ఒక్కొక్క నాణెము ఒక నెల జీతము. రైతు వానిని పాతబంగారముక్రింద అమ్మివేసెను. చాలవరకు మూసలో కరగిపోగా, ఆర్కాటు నవాబు కుమారుడు అమీరుల్ ఉమరా ముప్పదికి పైగా దక్కించుకొనెను. వానిలో కొన్ని క్రొత్తవివలె మెరయుచుండెనని, కొన్ని అరిగి చిల్లులతో నుండెనని అలెగ్జాండరు డేవిడ్సను 1787లో మద్రాసునుండి లేఖ వ్రాసెను. చిల్లులున్నవి ఎవరి మెడలోనో, దండనో వ్రేలాడియుండును.