సైకిల్ కారెక్కితే... కట్టు గట్టిగా ఉండాలి!

సైకిలెక్కి ఊరెళ్లడం పాత ముచ్చట. ఆ సైకిల్నే కారెక్కించి ఊరు దాటించడం ఇప్పటి సరదా. అనంతగిరి కొండల దారిలోనో అరకు ఘాట్ రోడ్డులోనో సైకిళ్లను వీపున మోసుకెళ్లే కార్లు అప్పుడప్పుడూ కనిపిస్తుంటాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది. మరి దారి మధ్యలో ఆ కట్టు ఊడితే? కారులో కూర్చున్నవాళ్లకు చిన్న చప్పుడు వినిపిస్తుందంతే. అసలు ప్రమాదం వెనకాల బైకు మీద వస్తున్న మనిషికి!

బరువును బండి మీద కట్టడం మనకు కొత్త విద్యేం కాదు. ఎడ్లబండి నిండా గడ్డి వేశాక మోకు బిగించి, బండిని నాలుగడుగులు నడిపి, మళ్లీ ఓసారి బిగించాకే రైతు ఇంటిదారి పట్టేవాడు. పల్లె బస్సుల టాపు మీద సైకిళ్లను తాళ్లతో కట్టి తీసుకెళ్లిన రోజులూ చాలామందికి గుర్తే. కాకపోతే ఎడ్లబండి వేగం గంటకు నాలుగైదు కిలోమీటర్లు. కారు వేగం 80, 100. తేడా అంతా అక్కడే ఉంది.

నగరంలో ట్రాఫిక్‌కు భయపడి చాలామంది సైకిల్‌ను కారులో శివార్లకు తీసుకెళ్లి, అక్కడ తొక్కుతున్నారు. హైదరాబాద్ అవుటర్ రింగురోడ్డు పక్కన 2023 అక్టోబరులో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభమయ్యాక ఈ ఆసక్తి ఇంకాస్త పెరిగింది. అమెరికాలో ఉన్న మన కుటుంబాలకైతే వేసవి సెలవుల్లో కారు వెనక సైకిళ్లు కట్టుకుని పార్కులకు వెళ్లడం మామూలే.

ఎనిమిదంతస్తుల మీంచి...
కారు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే దానిమీదున్న సైకిల్‌దీ అదే వేగం. పాతిక మీటర్ల ఎత్తు... అంటే దాదాపు ఎనిమిదంతస్తుల మేడ మీంచి కిందపడిన వస్తువు నేలను తాకేటప్పుడు ఉండే వేగం కూడా ఇంచుమించు అంతే. 12 కిలోల ఇనుప చట్రం అంత వేగంతో రోడ్డు మీద దొర్లితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

గాలి సంగతీ చూడాలి. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలవుతుంది. 60తో వెళ్లేవాళ్లు 90కి పెంచితే సైకిల్ మీద పడే ఒత్తిడి రెండింతలు దాటిపోతుంది. ఊళ్లో తిరిగినప్పుడు కదలని కట్టు హైవే ఎక్కగానే వదులయ్యేది ఇందుకే. సడన్ బ్రేకు వేస్తే సైకిల్ ముందుకు తోసుకొస్తుంది. స్పీడ్‌బ్రేకర్ మీద ఎగిరితే దాని బరువు ఒక్క క్షణం పాటు రెట్టింపైనట్టు రాక్ మీద పడుతుంది.

మూడు రకాలు... మూడు తిప్పలు
కారుకు సైకిల్ తగిలించే రాకులు ముఖ్యంగా మూడు రకాలు.

డిక్కీ రాక్: పట్టీలతో డిక్కీ తలుపుకు బిగించేది. ధర తక్కువ, చాలా కార్లకు సరిపోతుంది. అయితే దీని కొక్కేలు లోహపు అంచునే పట్టుకోవాలి. ప్లాస్టిక్ స్పాయిలర్‌కు గానీ, అద్దం అంచుకు గానీ తగిలిస్తే విరిగిపోయే ప్రమాదం ఉంది. బిగించేముందు డిక్కీని తడిగుడ్డతో తుడవాలి. దుమ్ము మీద మెత్తలు పెడితే రంగు గీసుకుపోతుంది.

టాపు రాక్: సైకిల్‌ను కారు నెత్తిన నిలబెట్టేది. డిక్కీ హాయిగా తెరుచుకోవచ్చు, నంబరు ప్లేటుకు అడ్డు రాదు. కానీ కొనేముందు ఓ సంగతి తెలుసుకోవాలి. మన దగ్గర చాలా కార్లకు టాపు మీదుండే కడ్డీలు ఉత్త అలంకారమే! బరువు మోయడానికి పెట్టినవి కావు. కారుతో ఇచ్చిన పుస్తకంలో టాపు ఎన్ని కిలోలు మోయగలదో రాసి ఉంటుంది. చాలా కార్లకు అది 50 నుంచి 75 కిలోల మధ్య ఉంటుంది. రాక్ బరువునూ అందులోనే లెక్కవేసుకోవాలి. సైకిల్ పైనుందన్న సంగతి మరిచి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి కారు దూరిస్తే సైకిలూ, రాకూ, కారు టాపూ మూడూ పోతాయి. మొత్తం ఎత్తు కొలిచి, ఆ అంకెను ఓ చీటీ మీద రాసి స్టీరింగ్ ఎదురుగా అంటించుకోవడం మేలు.

హిచ్ రాక్: కారు కింద చట్రానికి బిగించిన గొట్టంలో దూర్చేది. అమెరికాలో ఎక్కువగా వాడేది ఇదే. అక్కడ ఆ గొట్టాలు ఒకటింపావు అంగుళం, రెండంగుళాల కొలతల్లో దొరుకుతాయి. బరువైన సైకిళ్లకు ఇదే నయం. బ్యాటరీ సైకిల్ ఒక్కటే 20 నుంచి 25 కిలోలు తూగుతుంది మరి. బ్యాటరీని తీసి కారు లోపల పెడితే రెండు మూడు కిలోలు తగ్గుతాయి. మన దగ్గర చాలా కార్లకు ఈ ఏర్పాటు ఉండదు. వెల్డింగ్ షాపులో ఏదో ఒక గొట్టం అతికించుకుంటే మాత్రం అది ఎంత బరువు ఆపుతుందో చెప్పేవాళ్లుండరు.

కట్టే పద్ధతి ఇదీ!
* ముందు సైకిల్‌ను ఖాళీ చేయాలి. నీళ్ల సీసా, గాలి పంపు, లైట్లు, పిల్లల సీటు... ఊడొచ్చేవన్నీ తీసి కారులో పెట్టాలి.
* రెండు సైకిళ్లుంటే బరువైనది కారుకు దగ్గరగా, తేలికైనది బయటివైపు. ఒకదాని హ్యాండిల్ కుడికి, రెండోదానిది ఎడమకు ఉంటే ఒకటినొకటి గీసుకోవు.
* డిక్కీ రాక్‌కు ముందు పై పట్టీలు, తర్వాత కిందివి, ఆ తర్వాత పక్కవి బిగించాలి. అన్నీ అయ్యాక మళ్లీ మొదటి నుంచి ఓసారి లాగాలి.
* ఫ్రేమును కనీసం రెండుచోట్ల కట్టాలి. చక్రాలను విడిగా రాక్‌కు కట్టాలి. ముందు చక్రం వదులుగా ఉంటే గాలికి హ్యాండిల్ తిరిగి డిక్కీని కొడుతూనే ఉంటుంది.
* పట్టీని ఓ మెలిక తిప్పి కడితే గాలికి రొద చేయదు. మిగిలిన కొసలను ముడేసి లోపలికి దోపాలి. వేలాడే కొస చక్రంలో చుట్టుకుందంటే ప్రమాదమే.
* కార్బన్ ఫ్రేము సైకిల్ అయితే పై బార్‌ను క్లాంపుతో నొక్కకూడదు. పగులు లోపలే ఉండి పైకి కనబడకపోవచ్చు. చక్రాలను పట్టుకునే రాకే దానికి సరైనది.
* సైలెన్సర్‌కు ఎదురుగా టైరు రాకుండా చూడాలి. ఆ వేడికి రబ్బరు పాడైపోతుంది.

సైకిల్ క్యారియర్ మీద పుస్తకాలు కట్టే ట్యూబు ముక్క, సాగే ఎలాస్టిక్ తాడు ఇక్కడ పనికిరావు. సాగే తాడు కుదుపు వచ్చినప్పుడల్లా సాగుతుంది. సాగిన ప్రతిసారీ సైకిల్ కాస్త జరుగుతుంది.

కట్టాక రాక్‌ను కాదు, సైకిల్‌ను పట్టుకుని గట్టిగా ఊపి చూడాలి. సైకిల్‌తో పాటు కారు కూడా ఊగిందంటే కట్టు కుదిరినట్టే. సైకిల్ ఒక్కటే ఊగితే మళ్లీ బిగించాల్సిందే. బయల్దేరిన అయిదు, పది కిలోమీటర్లకు ఓసారి ఆగి పట్టీలు చూడాలి. టీ తాగడానికి ఆగిన ప్రతిసారీ కూడా!

పోలీసు ఆపితే...
కారుకు ముందూ వెనకా నంబరు ప్లేటు స్పష్టంగా కనిపించాలని మన మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. డిక్కీ మీద వేలాడే సైకిల్ చక్రం సరిగ్గా ఆ ప్లేటు మీదికే వస్తుంది. బ్రేకు లైట్లూ, ఇండికేటర్లూ కప్పుకుపోతే వెనకున్నవాళ్లకు మనం ఎటు తిరుగుతున్నామో తెలియదు. బ్రిటన్‌లో సైకిళ్లు అడ్డొస్తే మరో నంబరు ప్లేటు, లైట్లు ఉన్న బోర్డును రాక్‌కు తగిలించుకుంటారు.

ఇంకోటి... సైకిల్ పొడవు ఇంచుమించు ఒకటీ ముప్పావు మీటరు. చిన్న కార్ల వెడల్పూ దాదాపు అంతే. కాస్త పక్కకు జరిగిందంటే చక్రం బయటికి పొడుచుకొస్తుంది. పరిమితికి మించి సరుకు పక్కకు గానీ, వెనక్కి గానీ, ఎత్తుగా గానీ ఉంటే 20 వేల రూపాయల జరిమానా అని 2019లో సవరించిన చట్టంలో ఉంది. పక్కనుంచి వెళ్లే బైకువాలా మోచేతికి తగలకుండా చూసుకోవడం జరిమానా కన్నా ముఖ్యం.

కట్టు వేరు, తాళం వేరు. పట్టీలు సైకిల్ పడిపోకుండా ఆపుతాయి గానీ దొంగను ఆపలేవు. దాబా దగ్గర ఆగితే సైకిల్ ఫ్రేముకూ రాక్‌కూ కలిపి తాళం వేయాలి. రాక్‌కే తాళం లేకపోతే దొంగ రాక్‌తో సహా విప్పుకుపోతాడు. అందుకే కారు కంటికి కనబడేచోట కూర్చుని తినడం అన్నిటికన్నా మంచి తాళం!

ఇదంతా చేయడానికి పట్టేది మహా అయితే పదిహేను నిమిషాలు. సైకిల్ తొక్కేవాడికి హెల్మెట్ ఉంటుంది, కారు నడిపేవాడికి సీటు బెల్టు ఉంటుంది. వెనకాల వచ్చేవాడి క్షేమం మాత్రం మనం బిగించే ఆ పట్టీ మీదే ఆధారపడి ఉంటుంది.