పొలము చూడని వానికి ప్రశ్న వేయుట

“వరి పసుపుపచ్చగా మారుచున్నది, ఏ మందు కొట్టమందురు?” వ్యవసాయ నిపుణులకు ఫోనులో తఱచుగా వచ్చు ప్రశ్న ఇది. 2004 జనవరి 21వ తేదీన ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటర్లకు 1800-180-1551 నంబరుపై రుసుము లేకుండ తెలుగులోనే మాట్లాడవచ్చును. ఆకు ఫొటో తీసి పంపి అడుగుటయు నేడు పరిపాటియైనది. సదుపాయము పెరిగినంతగా అడుగు తీరు మెరుగుపడలేదని మా అభిప్రాయము.

పై ప్రశ్నలో సగము ప్రశ్న, సగము తీర్పు. అది తెగులేనని రైతు ముందుగనే నిశ్చయించుకొని, మందు పేరు మాత్రమే అడుగుచున్నాడు. వరి పసుపుబారుటకు కారణములు పెక్కు. నత్రజని చాలనప్పుడు ముదురాకులు ముందు పాలిపోవును. ఏలయన మొక్క ఆ పోషకమును పాత ఆకుల నుండి తీసి లేత ఆకులకు పంపుకొనును. ఇనుము లోపించినచో అందుకు విరుద్ధముగా లేత ఆకులే తెల్లబారును. మెట్ట నారుమళ్లలో ఇది ఎక్కువ. జింకు లోపమైనచో నాటిన రెండు నుండి నాలుగు వారములలో ఆకులపై తుప్పురంగు మచ్చలు కనిపించును. టుంగ్రో సోకిన మొక్క గిడసబారి, ఆకులు నారింజ రంగుకు తిరుగును. ఆ వైరసును చంపు మందే లేదు, దానిని మోసుకొని వచ్చు పచ్చదీపపు పురుగును అదుపు చేయవలసినదే. చేను వలయములుగా ఎండుచున్నచో దుబ్బుల మొదట, నీటికి పైన, సుడిదోమ ఉన్నదేమో చూడవలెను. ఉన్నచోట ఎరువు చాలలేదని భ్రమించి యూరియా చల్లుట దోమకు విందు చేయుటయే.

కావున ఏ ఆకులు, నాటి ఎన్ని దినములు, చేనంతటనా లేక అక్కడక్కడనా అని మొదటనే చెప్పవలెను. వంగడము పేరును చెప్పవలెను. సాంబమసూరికి సుడిదోమ బెడద హెచ్చు, విజేత కొంత తట్టుకొనును. ఇంతకుముందు వేసినవి దాచరాదు. “కొట్టువాడు ఇచ్చినదేదో కొట్టితిమి” అనక, డబ్బాపై నున్న రసాయనము పేరు చదివి చెప్పుట మేలు. ఎరువును బస్తాలలో కాక కిలోలలో చెప్పవలెను. 2018కి పూర్వము 50 కిలోలున్న యూరియా బస్తా పిమ్మట 45 కిలోలైనది. ఫొటో పంపువారు తెంపిన ఆకు నొక్కదానినే కాక, పగటి వెలుతురులో మొక్కనంతటిని, దూరము నుండి చేనును కూడ తీయవలెను.

ఒకే సందేహమును ముగ్గురిని అడుగుట తప్పు కాదు. మొదటివారు చెప్పినది రెండవవారికి చెప్పకుండుటయే తప్పు. వారి కాలము వృథా, కొన్నిసార్లు రెండు మందులును చేనిపై పడును.

బదులు చెప్పువారికిని మర్యాద కలదు. “ఇంతమాత్రము తెలియదా?” అనిపించుకొన్న రైతు మరల ఫోను చేయడు, నేరుగా మందుల కొట్టుకు పోవును. దీనిని చిన్న విషయముగా మేము తలపము. నాలుగు ప్రశ్నలు తిరిగి అడుగకుండ మందు చెప్పరాదు. ఆకు చూడనిదే తేలని విషయమైనచో అట్లని చెప్పి, సమీపమున నున్న కృషి విజ్ఞాన కేంద్రమునకు మొక్కను తీసికొని పొమ్మనుటలో చిన్నతనము లేదు. మందు చెప్పినప్పుడు మోతాదును, నిషేధమును కూడ చెప్పవలెను. “జింకు కొట్టుము” అనుట చాలదు. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు, అయిదేసి దినముల ఎడముతో రెండు మూడు సార్లు, పురుగుమందులతో కలుపరాదు అన్నప్పుడే అది బదులు. రైతు దానిని తిరిగి అప్పజెప్పు వఱకు ఫోను పెట్టరాదు.

ఫలితము తెలుపుట మనలో అరుదు. పని జరిగినచో మరచెదము, జరుగనిచో తిట్టెదము. పది పదునైదు దినముల పిమ్మట ఫోను చేసి, కొత్తగా వచ్చిన ఆకు ఏ రంగున నున్నదో చెప్పవలెను. పాత ఆకుల మచ్చలు ఎట్లును పోవు. వానిని చూచి మందు పనిచేయలేదని మరియొక డబ్బా కొనువారు పలువురు.