ఆరు వాట్ల కరణము

1984లో కరణీకము రద్దగు వరకు పల్నాడు మొదలు ఒంగోలు దాక గల పల్లెలలో భూమి లెక్క అంతయు కరణముగారి దస్త్రములోనే ఉండెడిది. అందేమి వ్రాయబడెనో, ఏమి కొట్టివేయబడెనో రైతునకు తెలియుట ఆయన దయను బట్టి యుండెడిది. 2008 అక్టోబరు 31న సతోషి నకమోతో అను మారుపేరుతో వెలువడిన తొమ్మిది పుటల పత్రము, ధనము విషయమున ఆ కరణమును తొలగించి, లెక్క ప్రతిని కోరినవారి ఇండ్లన్నింట నిలిపి, ఎవరికి వారే సరిచూచుకొను మార్గమును చూపెను. 2017లో అమరావతి భూముల లెక్కకును ఇట్టి పద్ధతినే తలపెట్టి, మన ప్రభుత్వము స్వీడను దేశపు క్రోమావే సంస్థతో ప్రయోగమునకు పూనుకొన్నది.

నకమోతో పత్రము నుండి పుట్టిన ధనమే బిట్‌కాయిన్; ఇంట నుండి దాని లెక్క చూచు యంత్రమునకు నోడ్ అని పేరు. ఇది కొత్త నాణెములను పుట్టించు మైనింగు యంత్రము కాదు, పైసా సంపాదింపదు; ఇంచుమించు పది నిమిషములకొకటిగా వచ్చు చెల్లింపుల కట్టను, అనగా బ్లాకును, విప్పి, సంతకములు సరియైనవా, ఖర్చయిన నాణెమునే మరల ఎవరైన చెల్లింపజూచిరా అని పరీక్షించును. ఈ మాత్రపు పనికి మహాయంత్ర మక్కరలేదు. 2012 ఫిబ్రవరి 29న బడిపిల్లల అభ్యాసమునకై కేంబ్రిడ్జి నుండి 35 డాలర్లకు వెలువడిన రాస్ప్‌బెర్రీ పై తొలుత 256 మెగాబైట్ల జ్ఞాపకముతో ఆటవస్తువువలె నుండెను గాని, 2019లో వచ్చిన నాలుగవ తరము ఈ కొలువునకు చాలినదయ్యెను. ఆరు వాట్ల చొప్పున రేయింబవళ్లు నడచినను నెలకు నాలుగు యూనిట్ల పైచిలుకే కాలును.

అసలు మెలకువ డిస్కులో నున్నది. 2009 జనవరి 3 నాటి మొదటి బ్లాకు మొదలు నేటి వరకు గల లెక్క 600 గిగాబైట్లను మించినది. దానినంతయు ఆదినుండి సరిచూచునపుడు, ఖర్చుకాని నాణెముల పట్టికను యంత్రము లెక్కలేనన్నిసార్లు అక్కడక్కడ తడవి చూచును గనుక, ముల్లు కదలవలసిన పాత హార్డ్ డిస్కు వారముల తరబడి ఈడ్చుటయు, మెమరీ కార్డు వ్రాతల తాకిడికి అరిగిపోవుటయు కలదు. ఒక టెరాబైటు ఎస్.ఎస్.డి. నేటికి చాలును, రెండు టెరాబైట్లది కొనుట వివేకము.

మన సీమలో యంత్రపు ఎంపికకు మరి మూడు పరీక్షలు కలవు: ఎండ, దుమ్ము, కరెంటు. రెంటచింతల వేసవిలో గది గాలియే నలుబది డిగ్రీలు దాటునపుడు, చిప్పు 80 డిగ్రీలకు చేరగనే తన వేగమును తానే తగ్గించుకొనును. ఫ్యాను పెట్టుదమన్న, జిన్నింగు మిల్లుల చెంత దూదినూగు రెక్కలకు చుట్టుకొని, మిర్చి యార్డు చెంత సన్నని కారపుధూళి జిడ్డుతో కలిసి పేరుకొనును. కావున ఒళ్లంతయు రెక్కలుదీరిన అల్యూమినియపు డొప్పలో, ఫ్యాను లేకయే వేడిని వెడలించు అమరికయే మేలు. కరెంటు పోవుటలోని బాధ చీకటి కాదు. వ్రాత నడుమ ఆగిన పట్టిక చెడి, గంటల కొలది మరల కట్టుకొనవలసివచ్చుట.

అందుచే నా మతమున, బ్యాటరీ ఇంకను నిలుచుచున్న పాత ల్యాప్‌టాపే కొత్త పెట్టెకన్న శ్రేష్ఠము, తనలోనే ఇన్వర్టరు నిముడ్చుకొన్నది గనుక. బ్యాటరీ ఉబ్బినచో మాత్రము తక్షణమే తీసివేయవలెను. ఇంటర్నెట్టు ప్లానునకు నెలవారీ పరిమితి యున్నచో, పొరుగు నోడ్లకు పాత బ్లాకులు పంచుటకు రోజువారీ హద్దు పెట్టుకొనవలెను. లేనిచో తెచ్చుకొనినదానికన్న పంచినదే ఎక్కువగును.