బడిని చదివిన పరిశోధకులు

బడి పిల్లలకు పాఠాలు చెబుతుంది. ఆ బడినే ఒక పాఠంగా చదివి, పిల్లవాడు ఎక్కడ వెనుకబడుతున్నాడో, గురువు ఎక్కడ నిస్సహాయుడవుతున్నాడో తెలుసుకోవాలన్న ప్రయత్నం తెలుగునాట రెండు శతాబ్దాల కిందటే మొదలైంది. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన ఏలుబడిలోని పాఠశాలల వివరాలు పంపవలసిందని జిల్లా కలెక్టర్లను ఆదేశించాడు. వారిలో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక మిక్కిలి ప్రసిద్ధమైనది. నాటి బళ్లారి జిల్లాలో 533 బడులుండగా వాటిలో 226 తెలుగు బడులు. పిల్లలు పద్యాలను ధారాళంగా వల్లించగలరు గాని వాటి అర్థం ఎరుగరనీ, వ్యవహారంలో లేని భాషలో పుస్తకాలు ఉండటమే ఇందుకు కారణమనీ క్యాంప్‌బెల్ రాశాడు. కావ్యప్రియులకు ఈ మాట కొంచెం కష్టంగానే తోచవచ్చు. కాని అందులోని సత్యాన్ని కాదనలేము. నేతపని దెబ్బతిని, దేశం పేదదై, తల్లిదండ్రులు పిల్లలను బడికి పంపలేని స్థితి వచ్చిందని కూడా ఆ నివేదిక తెలిపింది.

అధికారి నివేదిక వేరు, పరిశోధన వేరు. అధికారి తనకు కనిపించినదాన్ని నమోదు చేస్తాడు. పరిశోధకుడు తాను చూసినది నిజమేనా, దానికి కారణమని తోచినది నిజంగా కారణమేనా అని తనను తానే ప్రశ్నించుకొంటాడు. 2003లో భారతదేశంలోని 20 రాష్ట్రాలలో పరిశోధక బృందాలు ముందుగా తెలియపరచకుండా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను సందర్శించాయి. ఆ సమయంలో నలుగురు ఉపాధ్యాయులలో ఒకరు బడిలో లేరు. బోధనలో నిమగ్నులై ఉన్నవారు సుమారు సగం మంది మాత్రమే. ఈ అంకెలను చూపి ఉపాధ్యాయవర్గాన్నంతటినీ నిందించడం తొందరపాటు. సెలవు పెట్టినవారు, ప్రభుత్వ విధులపై వెళ్లినవారు కూడా ఆ లెక్కలో చేరారు. ఇక అనేక పల్లెల్లో ఒకరిద్దరు ఉపాధ్యాయులే ఐదు తరగతులకూ పాఠాలు చెప్పవలసి ఉంటుంది. ఒక తరగతికి ఎక్కాలు అప్పగించి మరొక తరగతికి వాచకం చెప్పే ఆ గురువు శ్రమ ఏ పట్టికలోనూ కనిపించదు.

ఈ సమస్యలను లోతుగా పరిశీలించిన వారిలో కార్తీక్ మురళీధరన్ ఒకరు. ఆయన హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో డాక్టరేటు కోసం కృషి చేస్తున్న కాలంలోనే, వెంకటేశ్ సుందరరామన్‌తో కలిసి, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక బృహత్తర అధ్యయనాన్ని చేపట్టారు. రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు ఇందులో భాగస్వాములు. 2005లో మొదలైన ఈ అధ్యయనానికి మూడు ప్రాంతాలకు చెందిన ఐదు జిల్లాల నుండి 50 మండలాలను, మండలానికి పదేసి చొప్పున 500 పాఠశాలలను ఎంపిక చేశారు.

ఏ బడికి ఏ సహాయం అందాలో చీట్లు తీసినట్లు నిర్ణయించడం ఇందులోని ప్రత్యేకత. కోరినవారికే సహాయం ఇస్తే, ఉత్సాహవంతులైన ఉపాధ్యాయులున్న బడులే ముందుకు వస్తాయి. అప్పుడు కలిగిన ఫలితం సహాయం వల్లనా, ఉత్సాహం వల్లనా అన్నది తేలదు. చీటీకి పక్షపాతం లేదు. వంద బడులకు ఒక విద్యా వాలంటీరును అదనంగా ఇచ్చారు. వంద బడులకు సామగ్రి కోసం నిధులిచ్చారు. వంద బడులలో పిల్లల ప్రగతిని బట్టి ఒక్కొక్క ఉపాధ్యాయునికి, మరొక వంద బడులలో ఉపాధ్యాయులందరికీ కలిపి బోనసు ప్రకటించారు. మిగిలిన వంద బడులను పోల్చి చూడటం కోసం యథాతథంగా ఉంచారు.

బోనసు సగటున వార్షిక వేతనంలో మూడు శాతమే. అయినా రెండేళ్లు గడిచేసరికి ఆ బడుల పిల్లలు గణితంలోనూ తెలుగులోనూ మెరుగుపడ్డారు. నూరుమంది వరుసలో నడుమ నిలిచిన పిల్లవాడు గణితంలో పదిమందిని దాటి ముందుకు వెళ్లినంత ప్రగతి అది. బోనసుతో సంబంధం లేని సామాన్యశాస్త్ర, సాంఘికశాస్త్రాలలో కూడా ఆ పిల్లలే మెరుగ్గా ఉన్నారు. విచిత్రమేమంటే ఉపాధ్యాయుల గైర్హాజరు మాత్రం తగ్గలేదు. బడికి వచ్చిన రోజున వారు అదనపు తరగతులు తీసుకొన్నారు, ఇంటిపని ఎక్కువగా ఇచ్చారు, వెనుకబడినవారిపై దృష్టి నిలిపారు.

దీనికి అనుబంధంగా జరిగిన మరొక ప్రయోగం ఇంకా ఆలోచింపజేస్తుంది. మరి నూరు బడులలో బోనసు ఏమీ లేకుండా, పిల్లలు ఏయే అంశాలలో వెనుకబడి ఉన్నారో పరీక్షల ద్వారా గుర్తించి ఉపాధ్యాయులకు వివరంగా రాసి ఇచ్చారు. అప్పుడప్పుడు తరగతులను గమనించారు. గమనించేవారు ఉన్నప్పుడు అక్కడి బోధన చక్కగా సాగింది. కాని పరీక్షలలో ఆ పిల్లలు ఇతర బడుల పిల్లలను మించలేదు. ఎక్కడ లోపమున్నదో తెలియడం ఒకటి, దాన్ని సరిదిద్దేందుకు ప్రతిదినమూ పూనుకోవడం మరొకటి. మరి ఆ పూనికకు ధనమొక్కటే మార్గమా అంటే, ఈ ప్రయోగం అంత దూరం చెప్పదు.

సామగ్రి నిధుల కథ వేరు. అవి అనుకోకుండా అందిన మొదటి ఏడాది చదువు మెరుగుపడింది. రెండవ ఏడాది ఆ నిధులు వస్తాయని ముందే తెలిసినందున తల్లిదండ్రులు తాము పుస్తకాలకు పెట్టే ఖర్చును తగ్గించుకొన్నారు. దానితో ఫలితం కనబడలేదు. పేద కుటుంబం చేసిన ఈ సర్దుబాటును తప్పుపట్టలేము.

2008లో ఇదే పరిశోధకులు 180 గ్రామాలలో మరొక ప్రశ్నను పరిశీలించారు. ప్రభుత్వ బడిలోని పేద పిల్లవాణ్ణి ప్రైవేటు బడికి పంపితే చదువు బాగుపడుతుందా? ఇక్కడ కూడా చీట్ల ద్వారానే కొందరికి ఫీజు సహాయం అందించారు. నాలుగేళ్ల తరువాత తెలుగులో, గణితంలో ఇరువర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం సహాయం పొందినవారు ముందున్నారు. ప్రైవేటు బడి ఒక్కొక్క విద్యార్థిపై చేసే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడవ వంతుకన్నా తక్కువ. తెలుగుకు, గణితానికి అక్కడ కేటాయించిన కాలమూ తక్కువే. తెలుగు మాధ్యమంలో అక్షరాలు దిద్దిన పిల్లలను నడుమ ఇంగ్లీషు మాధ్యమానికి మార్చినప్పుడు వారు తడబడే అవకాశముందన్న సూచన కూడా ఈ అధ్యయనంలో కనిపించింది. పుస్తకం ఒక భాషలో, ఇల్లు మరొక భాషలో ఉన్న పిల్లవాణ్ణి గురించే క్యాంప్‌బెల్ 1823లో రాశాడు.